మరిగించని కాఫీ

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండ చౌరస్తాలో పొద్దున్నే ఎవరినైనా ఏం తాగుదామని అడగండి, చాయ్ అంటారు. మా ఇంట్లోనూ అంతే. చుట్టాలొస్తే చాయ్, పంచాయితీ పడితే చాయ్, తలనొప్పికీ చాయే. కాఫీ అంటే జ్వరమొచ్చినప్పుడు పాలల్లో కలిపిచ్చే ఇన్‌స్టంట్ పొడి.

నాకు కాఫీ రుచి తెలిసింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. నా దోస్తు వాళ్ల అమ్మ తమిళావిడ. "చాయ్ లాగా దీన్ని మరిగించకూడదు బాబూ" అందావిడ. నా మటుకు కాఫీ విద్యలో సగం ఆ మాటే. చాయ్‌ని పాలల్లో ఎంత మరిగిస్తే అంత చిక్కదనం. కాఫీ అలా కాదు. మరిగిస్తే వాసన వంటింట్లోకి పోతుంది, చేదు గ్లాసులో మిగులుతుంది.

ఫిల్టర్ పైగిన్నెలో పొడి వేసి బిళ్ళతో మెల్లగా అదమాలి. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. అసలు అదమకపోతే గబగబా దిగిపోయి డికాక్షన్ పల్చబడుతుంది. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి, కాసేపాగి పోయాలి. తర్వాత పావుగంటో ఇరవై నిమిషాలో వదిలేయాలి. ఆగలేనివాళ్లు ఫిల్టర్‌ను చెంచాతో కొడుతుంటారు. ఏం లాభం ఉండదు.

చికోరీ అంటే కొందరు మొహం తిప్పుకుంటారు. అంత అవసరం లేదనిపిస్తుంది నాకు. అదొక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. పాలు దండిగా పోసుకునే మనకు నూటికి ఇరవై పాళ్లు బాగానే ఉంటుంది. నలభై దాటితే మాత్రం దాన్ని కాఫీ అనడానికి నాకు నోరు రాదు. ఎంత కలిపారో ప్యాకెట్ మీదే ఉంటుంది, చదివి కొనండి.

ఇప్పుడు నేను వాడేది అరకు పొడి. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే చుట్టాలకు ఈ పనే అప్పగిస్తాను. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు చెట్ల నీడన పండించే అరబికా రకం కాఫీ అది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు ఆ పంటకే చెందుతుందనే జీఐ ట్యాగ్, వచ్చింది. రోబస్టా అనే ఇంకో రకం కాఫీలో ఉండే కెఫీన్‌లో ఇందులో ఉండేది సుమారు సగం, కొంచెం పులుపూ తగులుతుంది. ఆ పులుపు మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. రోజూ పచ్చిపులుసు జుర్రుకునే వాళ్లే ఆ మాటన్నారు! పాలు మానేసి తాగితే అదే నాకు ఇష్టమైంది.

మా ఓరుగల్లు ఎండలకు పొడి తొందరగా వాసన పోగొట్టుకుంటుంది. అందుకే కొద్దికొద్దిగా తెప్పించి, గాలి చొరబడని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెడతాను.

సాయంత్రం అయిదు దాటాక మాత్రం కాఫీ ముట్టను. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. చాయ్‌లోనూ కెఫీన్ ఉంటుంది, కాకపోతే తక్కువ. ఈ మాట మా ఆవిడ ఒప్పుకోదు. రాత్రి ఎనిమిదింటికి కూడా చాయ్ పెడుతుంది, నేనూ తాగుతాను.