పంటు దాటేలోపు మాట కలపడం ఎలా?

నమస్కారమండీ. నా వెనకాల కనిపిస్తున్నది సఖినేటిపల్లి రేవు. పంటు, అంటే మనుషుల్నీ బైకుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ, ఇంకా అవతల, నరసాపురం ఒడ్డునే ఉంది. అది వచ్చి మనల్ని ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించేలోపు, పక్కనున్న కొత్త మనిషితో మాట ఎలా కలపాలో ఈరోజు చెప్తాను.

కొత్తవాళ్లంటే చాలామందికి టెన్షన్. నాకూ ఉండేది. ఏం మాట్లాడాలా అని బుర్రలో వెతుక్కుంటూ నిలబడేదాన్ని. ఇప్పుడు ఎదురుగా ఏముందో చూస్తాను. ఇద్దరికీ కనిపిస్తున్నదాని గురించి అడిగితే అవతలివాళ్లకి బెరుకు ఉండదు. అదుగో, అక్కడొకావిడ అరటిగెల పట్టుకుని నిలబడ్డారు. "ఇది కర్పూరమా, చక్కెరకేళా అండీ?" చాలు. పెద్దావిడ కాబట్టి ముందు "పిన్నిగారూ" అని పిలవండి. పెద్దాయనైతే "బాబాయిగారూ". మన ఈడువాళ్లైతే "ఏవండీ".

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ప్రశ్న అందరూ ఎలాగోలా అడిగేస్తారు, చిక్కంతా రెండోదాని దగ్గరే. ఆవిడ "కర్పూరమమ్మా, భీమవరంలో మా అమ్మాయికి పట్టుకెళ్తున్నాను" అన్నారనుకోండి. చాలామంది "ఓహో" అని ఊరుకుంటారు. లేదంటే "మాకూ భీమవరంలో చుట్టాలున్నారండీ" అని సొంత కథ ఎత్తుకుంటారు. రెండూ వద్దు. ఆవిడ అడక్కుండానే చెప్పిన మాట ఏది? అమ్మాయి. అది పట్టుకోండి. "అమ్మాయికి కర్పూరమంటే ఇష్టమాండీ?" అనండి. ఇక ఆవిడే చెప్తారు, పెరట్లో ఎన్ని పిలకలు వేశారో, మనవడు ఎన్ని పళ్లు తింటాడో. మీరు వింటే చాలు.

సలహా అడగడం కూడా బాగా పనిచేస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు తెలియనివాళ్లు లేరు. కానీ రేకు పల్చగా ఎవరింట్లో తీస్తారో ఆ చుట్టుపక్కలవాళ్లకే తెలుస్తుంది. "ఎవరి దగ్గర తీసుకోమంటారండీ? బెల్లంవా, పంచదారవా?" అని అడిగి చూడండి. పక్కన నిలబడ్డ ముగ్గురు కూడా మాటల్లోకి వస్తారు. వరద నీళ్లు ఎర్రగా దిగే రోజుల్లో "పులస పడుతోందాండీ?" అన్నా అంతే.

కొన్ని అడగకూడదు. రైతుని "దాళ్వా ఊడుపులు అయ్యాయాండీ?" అని రెండో పంట వరినాట్ల గురించి అడగొచ్చు, "ఎన్నెకరాలండీ?" అనకూడదు. జీతం, పెళ్లి, పిల్లలు కూడా అంతే, వాళ్లంతట వాళ్లు చెప్తే తప్ప. ఇంకొకటి, మన వైపు బాగా అలవాటైనది: "మీ ఇంటిపేరేంటండీ?" కొత్తవాళ్లని అది ఎందుకు అడుగుతారో అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. కులం కనుక్కోవడానికి. నేను పూర్తిగా మానేశాను. మీరూ మానేయండి, దయచేసి.

అవతలివాళ్లు ముక్తసరిగా జవాబిచ్చి ఫోన్ చూసుకుంటుంటే వదిలేయండి. గోదావరి చూస్తూ నిలబడండి, అదీ బాగుంటుంది.

ఒకసారి ఇదే రేవులో ఒక పెద్దాయన్ని ఊరికే అడిగాను, "మీ కొబ్బరిచెట్లు ఏ ఏడు వేసినవండీ?" అని. "తుఫాను తర్వాతమ్మా, తొంభై ఆరు" అన్నారు. 1996 నవంబరు తుఫాను కోనసీమలో కొబ్బరితోటలకి తోటలే పడగొట్టింది. నాకు ఏమనాలో తోచలేదు. "అయ్యో" కూడా అనలేదు, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను. అవతలి ఒడ్డు వచ్చేదాకా చెప్పారు. ఆ రాత్రి గాలి ఎలా అరిచిందో, తెల్లారి చూస్తే ఇంటికి దారే కనపడలేదని. దిగేటప్పుడు ఆగి, "ఇంతకీ మీదే ఊరమ్మా?" అన్నారు.

అదుగో, పంటు వచ్చేసింది. ముందు బైకులవాళ్లని దిగనిద్దాం. పిన్నిగారి గెల బరువుగా ఉన్నట్టుంది, ఒక చెయ్యి వేస్తాను.