వినపడదులే అనుకున్నచోట

శ్రోతలకు నమస్కారం.

లేవీయకాండము వచ్చేసరికి బైబిల్లో గబగబా పేజీలు తిప్పేసేవాళ్లు చాలామంది ఉంటారు. బలులు, కుష్ఠు పరీక్షలు, ఏది తినాలి, ఏది తినకూడదు... నేనూ తిప్పేసినవాణ్ణే. కానీ 19వ అధ్యాయం 14వ వచనం దగ్గర ఓసారి ఆగిపోయాను. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారికి అడ్డం వేయొద్దు, నీ దేవునికి భయపడు అని ఉందక్కడ.

చెవిటివాణ్ణి తిడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అతనికి వినపడదు. తిరిగి ఒక మాట అనడు, పంచాయితీకి రాడు. గుడ్డివాడు తట్టుకుని పడితే ఆ రాయి ఎవరు పెట్టారో చెప్పలేడు. ఎవరికీ దొరకని తప్పులివి. అందుకే కాబోలు, ఆ వచనం మనుషుల్నెవరినీ సాక్షికి పిలవకుండా నేరుగా దేవుని పేరెత్తింది. తిట్టినప్పుడు విన్నవాడొకడు అక్కడే ఉన్నాడు మరి.

మొన్నామధ్య బస్సులో, చూపులేని ఒకాయన అగరుబత్తులు అమ్ముతుంటే రెండు ప్యాకెట్లు కొన్నాను. నేనిచ్చిన నోటును వేళ్ల మధ్య పెట్టి పొడవు చూసుకున్నాడు, అంచు తడిమాడు. అయినా అనుమానం తీరక, "యాభయ్యేనా సార్?" అన్నాడు. "యాభయ్యే" అన్నాను. అంతే, మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. నేను చెప్పింది నిజమే. కానీ ఆ నమ్మకం చూసి నాకే భయమేసింది.

ఆ 14వ వచనానికి పై వచనంలోనే ఇంకో మాట ఉంది. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదట. "చిల్లర లేదు, రేపు రా" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ రాత్రి వాళ్లింట్లో పొయ్యి వెలిగిందో లేదో మనకు కనపడదు. ఫోన్ పెట్టేశాక అవతలివాళ్లను అనే మాటలూ ఇంతే.

"దేవుడు చూస్తున్నాడు" అని పిల్లల్ని బెదిరించీ బెదిరించీ ఆయన్ని సీసీ కెమెరా చేసిపెట్టాం. బైబిల్లో ఆ మాట మొదట అన్నది భయపడ్డ దొంగ కాదు, ఒక దాసి. ఆదికాండము 16వ అధ్యాయం. యజమానురాలు శారయి పెట్టే బాధలు పడలేక, కడుపుతో ఉండి ఎడారికి పారిపోయింది ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు చెందిన హాగరు. ఆ అధ్యాయంలో శారయి గానీ, ఆమె భర్త అబ్రాము గానీ హాగరును పేరుతో పిలవరు. నా దాసి, నీ దాసి, అంతే. నీళ్ల ఊట దగ్గర దేవదూత వచ్చి "హాగరూ" అన్నాడు. అప్పుడామె దేవునికే ఒక పేరు పెట్టింది, చూచుచున్న దేవుడవు నీవే అని. నన్ను అదుపులో పెట్టే ఆ చూపే ఆమెకు ఊరట. దేవుని సన్నిధి అంటే నా పక్కన ఆయన ఉండటమే అనుకునేవాణ్ణి. నా ఎదురుగా ఉన్న మనిషి పక్కన కూడా ఉన్నాడన్న సంగతి ఈ కథ చదివాకే తట్టింది.

మా అపార్ట్‌మెంట్‌లో చెత్త తీసుకెళ్లే ఆమెను ఆరేళ్లుగా "ఏమ్మా" అనే పిలుస్తున్నాను. ఈ అధ్యాయం చదివిన వారంలో పేరు అడిగాను. చెప్పింది. చెప్పి, బకెట్ కింద పెట్టి, కాస్త బెదురుగా అడిగింది:

"ఎందుకు సార్, ఎవరైనా కంప్లైంట్ చేశారా?"