డార్క్ ఫ్లేమ్ మాస్టర్ మళ్లీ వచ్చిన రాత్రి

తమ్ముడు: నమస్కారం, మా అక్కాతమ్ముళ్ల పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఈ వారం ‘చూనిబ్యో దెమో కోయి గా షితాయ్’ అనే అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్ గురించి మాట్లాడుకుందాం. తొరాకో రాసిన నవల ఆధారంగా క్యోటో యానిమేషన్ వాళ్లు తీశారు. దర్శకుడు తత్సుయా ఇషిహారా. 2012 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 12 ఎపిసోడ్లు వచ్చాయి. చివరి ఎపిసోడ్ సంగతి కూడా చెప్పేస్తాం. చూడనివాళ్లు ముందు చూసొచ్చి వినండి.

అక్క: ముందు ఆ పేరు సంగతి చెప్పరా. నాకు అదే బాగా నచ్చింది.

తమ్ముడు: చూనిబ్యో అంటే మిడిల్ స్కూల్ రెండో ఏడాది జబ్బు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసు. మన లెక్కలో ఎనిమిదో తరగతి. డాక్టర్లు చెప్పే జబ్బు కాదు. ఇజుయిన్ హికారు అనే కమెడియన్ 1999లో తన రేడియో కార్యక్రమంలో వాడిన మాట. నాకింకా ఆ జబ్బు తగ్గలేదని తన గురించే చెప్పుకున్నాడు. ఆ వయసులో అందరికంటే వేరుగా కనిపించాలని చేసే పనులన్నీ మొదట్లో అందులోకే వచ్చేవి. తర్వాత్తర్వాత, నాలో ఏదో రహస్య శక్తి ఉందని నమ్మే పిల్లలకి ఆ మాట అతుక్కుపోయింది.

అక్క: ఇందులో హీరో యూతా తొగాషి అలాంటివాడే. మిడిల్ స్కూల్లో తనకి తాను పెట్టుకున్న పేరు ‘డార్క్ ఫ్లేమ్ మాస్టర్’. నల్ల పొడుగు కోటు, చేతిలోంచి నల్ల మంటలు వస్తాయని నమ్మకం.

తమ్ముడు: హైస్కూల్ వయసొచ్చేసరికి అదంతా తలుచుకుంటే చచ్చేంత సిగ్గు. పాత క్లాసువాళ్లెవరూ చేరని స్కూలు వెతుక్కుని చేరతాడు. పాత సామాను పారేద్దామని అట్టపెట్టెలో సర్దుతాడు. అంతలో పై ఫ్లాట్ నుంచి తాడు పట్టుకుని రిక్కా అనే అమ్మాయి వాళ్ల బాల్కనీలోకి దిగుతుంది. ఒక కంటికి పట్టీ, చేతికి కట్టు. పట్టీ వెనక మంత్రనేత్రం ఉందంటుంది.

అక్క: ఈ అనిమే మీద నాకు గౌరవం కలిగింది ఎక్కడో తెలుసా? రిక్కా, వాళ్లక్క తోకా కొట్టుకునే చోట. ఆకాశమంతా వెలుగు, పెద్ద పెద్ద ఆయుధాలు, భూమి బద్దలవుతుంది. మరుక్షణం చూస్తే రిక్కా చేతిలో గొడుగు, తోకా చేతిలో గరిటె. కానీ ఆ ఊహ బొమ్మల్లో ఎక్కడా తక్కువ చెయ్యలేదు. ఆ పిల్ల కళ్లకి ఎంత గొప్పగా కనిపిస్తుందో అంత గొప్పగానూ వేశారు.

తమ్ముడు: నిబుతాని కూడా ఉంది కదా. తనూ మిడిల్ స్కూల్లో ‘మోరీ సమ్మర్’ అనే మాంత్రికురాలే. ఇప్పుడు క్లాసులో అందరూ మెచ్చుకునే అమ్మాయి. అప్పట్లో రాసుకున్నవన్నీ నాశనం చెయ్యాలని తెగ తాపత్రయపడుతుంది. యూతా, నిబుతాని ఇద్దరూ ఆ దశ దాటేశామనుకుంటారు. నాకైతే దాక్కున్నారనిపించింది.

అక్క: రిక్కా సంగతి వేరు. మూడేళ్ల కిందట వాళ్ల నాన్న జబ్బు చేసి చనిపోయాడు. బతకడని ఇంట్లోవాళ్లకి ముందే తెలుసు. చిన్నపిల్ల కదా అని రిక్కాకి ఎవరూ చెప్పలేదు. తనకి మాత్రం అది ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టే. అందుకే సముద్రం మీద దూరంగా కనిపించే వెలుగులకి అవతల నాన్న ఉన్నాడని నమ్ముతుంది. అక్కడుండే కనిపించని హద్దు కోసం వెతుకుతూ ఉంటుంది.

తమ్ముడు: చివర్లో యూతాయే పట్టీ తియ్యమంటాడు. ఇంట్లోవాళ్ల బాధ చూడలేక, మంచికే చెప్పాడు. రిక్కా తీసేసింది. అందరిలాగే మాట్లాడుతుంది, అందరిలాగే ఉంటుంది. ఆ ఎపిసోడ్ నేను ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేకపోయాను.

అక్క: తర్వాత వాళ్ల సీనియర్ కుమిన్ వచ్చి అసలు సంగతి చెబుతుంది. నాన్న పోయాక రిక్కా బాల్కనీలోంచి కింద ఒక అబ్బాయిని చూసింది. నల్ల కోటు వేసుకుని, ఎవరేమనుకున్నా సరే తన లోకంలో తానున్నాడు. వాడే యూతా. వాణ్ణి చూసి తనకీ బతకడానికి ఒక దారి దొరికింది. యూతా ఏ సంగతి తలుచుకుని అంత సిగ్గుపడ్డాడో, పై ఫ్లాట్‌లో ఒక పిల్ల దాన్నే పట్టుకుని నిలబడింది.

తమ్ముడు: అప్పుడు వాడు మళ్లీ డార్క్ ఫ్లేమ్ మాస్టర్ అవుతాడు. ఈసారి నిజంగా శక్తులున్నాయని నమ్మి కాదు. రిక్కాని సముద్రం దగ్గరికి తీసుకెళ్లి చెయ్యి చాపుతాడు. నీళ్ల మీద వెలుగులు లేస్తాయి. రిక్కా వాళ్ల నాన్నకి వీడ్కోలు చెబుతుంది. నా దృష్టిలో యూతా పెద్దవాడైంది అక్కడే, అట్టపెట్టె సర్దిన రోజున కాదు.

అక్క: నీకు ఎందుకంత పట్టిందో నాకు తెలుసు.

తమ్ముడు: ఎనిమిదిలో సొంతంగా లిపి తయారు చేశాను కదక్కా. నేను వేరే లోకం నుంచి వచ్చానని, ఆ లోకం అక్షరాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయని నమ్మేవాణ్ణి. లాంగ్ నోట్‌బుక్ నిండా రాశాను. తొమ్మిదిలో స్కూలు మారాక చించి పారేశాను. కొత్త స్నేహితుల్లో ఒక్కరికీ చెప్పలేదు.

అక్క: అది నాన్న ఉద్యోగం పోయిన ఏడాది. నాకు చెప్పారు, నీకు చెప్పలేదు. ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకునేవాళ్లు కాదు. నువ్వు గదిలో కూర్చుని అక్షరాలు దిద్దుకునేవాడివి. అందుకే నాకూ నేర్పమన్నాను.

తమ్ముడు: టిఫిన్ డబ్బాలో చీటీలు పెట్టేదానివి. పెరుగన్నం డబ్బా మూత కింద. నేను ఆ లోకం నుంచి వచ్చిన ఉత్తరాల్లా చదువుకునేవాణ్ణి. నువ్వే రాస్తున్నావని తెలుసు. అయినా అలాగే చదువుకునేవాణ్ణి.

అక్క: నాకింకా కొన్ని వచ్చు.

తమ్ముడు: నిజంగానా?

అక్క: నీ పేరు రాయగలను. అమ్మ పేరు కూడా. ‘ళ’ ఎలా వేసేవాడివో మాత్రం మర్చిపోయాను.

తమ్ముడు: ‘ల’ లాగే అక్కా. కింద ఒక చుక్క.