45 లక్షల చిన్న కారు

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు ముగ్గురు: జేసీ రోడ్డు దగ్గర గ్యారేజీ నడిపే మదనపల్లె మెకానిక్, సెకండ్ హ్యాండ్ లగ్జరీ కార్లు అమ్మే నెల్లూరు వ్యాపారి, నాలుగేళ్ల కిందట చిన్న లగ్జరీ ఎస్‌యూవీ కొన్న అనంతపురం ఐటీ మేనేజరు.)

యాంకర్: నమస్కారం. ముందు పేరు తగాదా తేల్చుకుందాం. సబ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ అంటే మనకు నాలుగు మీటర్ల లోపు పొడవుండే బ్రెజా, నెక్సాన్, సోనెట్. బయటి దేశాల్లో బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడి క్యూ3, మెర్సిడెస్ జీఎల్‌ఏ, వోల్వో ఎక్స్‌సీ40 కూడా ఆ కోవలోకే వస్తాయి. అదెలా?

వ్యాపారి: నాలుగు మీటర్లన్నది మన పన్నులోళ్లు గీసిన గీత బాబూ. 2006లో చిన్న కార్లకు ఎక్సైజు తగ్గించినప్పుడు పుట్టింది. జర్మనీ వాడికి ఆ గీతతో ఏం పని? ఎక్స్1 పొడవు నాలుగున్నర మీటర్లు. వాళ్ల ఎస్‌యూవీల్లో అన్నిటికంటే బుల్లిది అదే, అందుకని చిన్నది. మా ఊళ్లో చేపలూ అంతే, ఏ గంపలో పోశారన్నదాన్నిబట్టి చిన్నా పెద్దా.

యాంకర్: ధర మాత్రం చిన్నది కాదు.

వ్యాపారి: ఒకప్పుడు కొంచెం అందేది. 2010 చివర్లో ఎక్స్1 ఇక్కడికొచ్చినప్పుడు 22 లక్షల దగ్గర మొదలైంది. అదే పేరుతో మూడో తరం బండి 2023 జనవరిలో 45.9 లక్షలకు దిగింది. ఎక్స్ షోరూమ్ మాట చెప్తున్నా, రోడ్డెక్కేసరికి ఇంకో కత. మొదటి మెట్టు అంటారే, ఆ మెట్టే మేడెక్కి కూర్చుంది.

మెకానిక్: ధర పెరిగింది, లోపలి సరుకు కూడా మారిపోయింది సార్. మొదటి ఎక్స్1 వెనక చక్రాల బండి. ఇంజను పొడుగ్గా పెట్టినారు, పెద్ద బండ్ల పద్ధతి. 2015లో రెండోది వచ్చినప్పుడు ముందు చక్రాలకు మార్చేసినారు, మినీ అనే బ్రాండు కార్లు తయారయ్యే ప్లాట్‌ఫాం (అడుగు చట్రం) మింద. ఇప్పుడు ఇక్కడ అమ్మే పెట్రోలుది ఒకటిన్నర లీటరు, మూడు సిలిండర్లు, 136 హార్స్ పవరు. మూడు సిలిండర్లని చెప్తే కొన్నోళ్లకే కోపమొస్తాది నా మింద.

ఓనర్: కోపం కాదన్నా, బాధ. (నవ్వులు) కానీ ఒక మాట. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో గంటకు పది కిలోమీటర్ల స్పీడుతో పోయేదానికి వెనక చక్రాలు తోసినా ముందు చక్రాలు లాగినా నాకేం తెలుస్తుంది? ముందు చక్రాలకు మార్చాక ఇంజను అడ్డంగా సర్దారు, లోపల చోటు పెరిగింది. పిల్లల బ్యాగులు, మా అత్తగారి ఊరగాయ జాడీలు పడుతున్నాయి. ఘాట్ రోడ్డు మీద వంపులు తిప్పే సరదా ఉన్నవాళ్లకే ఆ బెంగ.

యాంకర్: మీరెందుకు కొన్నారు? నిజం చెప్పాలి.

ఓనర్: నిజమే చెప్తా. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. మా అపార్ట్‌మెంటు బేస్‌మెంట్‌లో మా కారు పక్కన ఇద్దరివి అలాంటివి చేరాయి. అది సగం కారణం. మిగతా సగం, అనంతపురం హైవే మీద రాత్రిపూట పోతుంటే ఆ స్థిరత్వం, ఆ తలుపు పడే చప్పుడు... ఒకసారి టెస్ట్ డ్రైవ్ చేశాక పాత కారు రేకుల డబ్బాలా అనిపించింది. అయితే మా నాన్నను తొలిసారి వెనక సీట్లో కూర్చోబెడితే ఏమన్నాడో తెలుసా? "ఇంత డబ్బు పెట్టి మోకాళ్లు గడ్డానికి ఆనుకునే బండి తెచ్చినావేమే?" అన్నాడు.

వ్యాపారి: మీ నాయన మాట కంపెనీ దాకా పోయినట్టుందమ్మా. 2025 జనవరిలో ఎలక్ట్రిక్ ఐఎక్స్1 తెచ్చారు చూడు, మామూలు దానికంటే పొడవు చేసి. చక్రానికీ చక్రానికీ నడుమ 2800 మిల్లీమీటర్లు. మామూలు ఎక్స్1కు 2692. ఆ పది సెంటీమీటర్లూ పోయింది వెనక సీటుకే. మనోళ్లలో కారు కొనేది కొడుకైనా, కూతురైనా, తీర్పు చెప్పేది వెనక కూర్చున్న పెద్దలే.

యాంకర్: వచ్చినప్పుడు దాని ధర 49 లక్షలు. పెట్రోలు కారుకు అంత దగ్గర్లో ఎలక్ట్రిక్ ఎలా ఇవ్వగలిగారు?

వ్యాపారి: పన్నులు బాబూ. ఈ కార్ల కత సగం ఇంజనులో ఉంటే సగం పన్నులో ఉంది. 2025 సెప్టెంబరు 22 దాకా ఒకటిన్నర లీటరు దాటిన ఇంజనుండే పెద్ద ఎస్‌యూవీకి జీఎస్టీ 28, దాని మీద సెస్ 22, మొత్తం 50 శాతం. ఇప్పుడు సెస్ తీసేసి 40 చేశారు. ఎలక్ట్రిక్‌కి 5, అంతే. ఇక కర్ణాటక రోడ్ ట్యాక్సు. 20 లక్షలు దాటిన బండికి 18 శాతం, ఆ పన్ను మీద సెస్ కలిపితే దాదాపు 20. ఎలక్ట్రిక్‌కి ఇక్కడ 2024 దాకా సున్నా. అప్పట్నుంచి 25 లక్షలు దాటినవాటికి 10 శాతం వేశారు. లెక్కేసుకో. 50 లక్షల పెట్రోలు కారుకు రోడ్ ట్యాక్సే 10 లక్షలు. 49 లక్షల ఐఎక్స్1కు 4 లక్షల 90 వేలు.

ఓనర్: అంటే షోరూంలో దాదాపు ఒకటే ధర. ఆర్టీఓ ఆఫీసు దాటేసరికి పెట్రోలు కారు మీద అయిదు లక్షలు ఎక్కువ!

వ్యాపారి: అదే కదా. పైగా ఆ బండి చేసేది చెన్నై పక్కన, చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో. 2007 నుంచి బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ అక్కడే. తమిళనాడేమో ఎలక్ట్రిక్ కార్లకు ఏళ్లుగా రోడ్ ట్యాక్సు మినహాయిస్తూ వచ్చింది. మన బెంగళూరు పక్కన హోస్కోటెలో వోల్వో వాళ్లున్నారు. ఈఎక్స్30 అని నాలుగుంబావు మీటర్ల ఎలక్ట్రిక్ బండి అక్కడే జోడించి 41 లక్షలకు పెట్టారు. బయటి దేశాల లెక్కలో అసలు సిసలు సబ్ కాంపాక్ట్ లగ్జరీ అంటే అదే.

మెకానిక్: దాంట్లో స్టీరింగు ముందర మీటర్లే ఉండవు సార్. స్పీడు చూడల్లంటే నడిమధ్యలో స్క్రీను వైపు చూడల్ల. మా పిల్లోడు బాగుందంటాడు. నాకు మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుంటా పక్కోడి విస్తరి చూసినట్టుంటాది.

యాంకర్: ఏపీ, పుదుచ్చేరి నంబర్లు వేయించుకుంటే రోడ్ ట్యాక్సు మిగులుతుందని చాలామంది మనవాళ్లు అనుకుంటారు.

వ్యాపారి: వద్దు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బయటి నంబరు బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి. ఇక్కడి ఆర్టీఓ వాళ్లు ఖరీదైన కార్లనే ఎక్కువ ఆపి చూస్తారు. అట్లాంటి బండి నా దగ్గరికి అమ్మకానికొస్తే నేను తీసుకోను.

యాంకర్: అసలు ప్రశ్న. ఇదే డబ్బుకు ఫార్చ్యూనర్ వస్తుంది. ఏడు సీట్లు, 2.8 లీటర్ల డీజిల్...

ఓనర్: మా పెదనాన్నగారి ఊళ్లో అడిగితే ఎవరైనా ఫార్చ్యూనర్ అనే అంటారు. అక్కడ దానికున్న మర్యాద దేనికీ లేదు. ఊరి పంచాయితీకి నా కారులో పోతే "ఎవురిదో ఆఫీసు కారు" అన్నారు ఒకసారి.

మెకానిక్: ఫార్చ్యూనర్ లారీ లాగా ఫ్రేము మింద కట్టిన బండి మేడం. గుంతలో పడితే నడుం కదుల్తాది, బండికేం కాదు. ఈ జర్మన్ బండ్లలో నడుం బాగుంటాది, టైరు పోతాది. పక్క గోడ బుడ్డకొస్తాది. నెలలో ఎన్ని చూస్తానో లెక్కలేదు. రన్ ఫ్లాట్ టైర్లున్న బండ్లకు గాలి పోయినా కొంచెం దూరం పోవచ్చు, కానీ పక్క గోడ తెగితే టైరు మార్చాల్సిందే. స్టెప్నీ ఉందో లేదో డిక్కీ ఎత్తి చూసినాకే అడ్వాన్సు కట్టండి.

ఓనర్: నాకు ఆ పాఠం పెనుకొండ దాటాక రాత్రి పదకొండింటికి అయింది. స్టెప్నీ లేదు. క్రేను కోసం మూడు గంటలు రోడ్డు పక్కన.

మెకానిక్: వారంటీ అయిపోయినాక ఇంగో సంగతి. రెండు క్లచ్చులతో తనంతట తానే గేర్లు మార్చుకునే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేరుబాక్సులుంటాయి వీటిల్లో చాలావాటికి. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించి పాకించి క్లచ్చులు అరగదీస్తారు. ముందరి బండి నాలుగడుగులు జరిగినాక కదిలించండి, వేడి తక్కువైతాది. వారంటీ పొడిగించుకునే అవకాశముంటే డబ్బుకు చూడొద్దు. సెన్సారొకటి పోతే కూడా లాప్‌టాప్ పెట్టి కోడింగు చేయాల్సిన బండ్లివి.

యాంకర్: అయితే కొత్తది కొనాలా, పాతదా?

వ్యాపారి: నా కొట్టుకు రమ్మనే చెప్తా, ఇంకేం చెప్తా! (నవ్వులు) కానీ లెక్క ఇదీ. మొదటాయన కట్టిన జీఎస్టీ, రోడ్ ట్యాక్సు మూడేళ్ల తర్వాత ఎవరూ తిరిగివ్వరు. ఆ నష్టం ఆయన్ది, లాభం రెండో ఆయన్ది. షరతు ఒకటే, కంపెనీ సర్వీసు చరిత్ర మొత్తం ఉండాలి. ఎలక్ట్రిక్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో నేనింకా ఆచితూచి తీసుకుంటున్నా. బ్యాటరీ ఎంత మిగిలిందో కాగితం మీద చూపించలేకపోతే ధర ఎట్లా కట్టేది?

యాంకర్: ఒక ఫోన్ కాల్ ఉంది, చెన్నై నుంచి. చెప్పండి సార్.

శ్రోత: మాది వేళచ్చేరి అండీ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మా వీధిలో కార్లన్నీ మునిగాయి. ఇలాంటి కారు మునిగితే పనికొస్తుందా?

మెకానిక్: 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు మా గ్యారేజీ బయట క్యూ కట్టినాయి సార్. నీళ్లు సీటు దాకా వచ్చిన బండ్లు కొన్ని బతికినాయి, చక్రం సగం మునిగినవి కొన్ని చచ్చినాయి. తేడా ఏమంటే, రెండో రకం వాళ్లు నీళ్లలో నిలబెట్టుకోని స్టార్ట్ కొట్టినారు. సిలిండర్లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతాది. పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోకపోతే బీమా వాళ్లు ఒప్పుకోరు. బ్యాటరీ టెర్మినల్ తీసేయండి, ఫొటోలు తీయండి, బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవండి. ఎలక్ట్రిక్‌దైతే హై వోల్టేజి ఉండే ఆరెంజి రంగు వైర్ల జోలికి పోవద్దు, కంపెనీ వాళ్లనే పిలిపించుకోండి.

శ్రోత: బేస్‌మెంట్‌లోనే పెడతామండీ, వేరే చోటు లేదు.

మెకానిక్: వాన వస్తాదని చెప్పిన రోజు ఫ్లైఓవరు మింద పెట్టేసి రండి సార్. మీ ఊళ్లో అందరూ అదే కదా చేసేది.