ఫోన్-ఇన్: బౌద్ధ సాధనకు ఎంత చదవాలి, ఎంతసేపు కూర్చోవాలి?

ప్రయోక్త: నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: పొదిలి నుంచి మేడమ్. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని. బుద్ధుడి దారి పట్టాలని పుస్తకాలు కొన్నాను. పంచస్కంధాలు, ప్రతీత్యసముత్పాదం... ఏదీ బుర్రకెక్కడం లేదు. పోనీ ధ్యానం చేద్దామని తెల్లవారుజామున నాలుగింటికి కూర్చుంటే కునుకు పడుతోంది. మనలాంటివాళ్లకు ఇది అయ్యే పని కాదంటోంది మా ఆవిడ.

అతిథి: ముందు కునుకు సంగతి చూద్దాం బాబూ. మొగ్గల్లానుడంటే బుద్ధుడి ఇద్దరు ప్రధాన శిష్యుల్లో ఒకరు. ఆయన కూడా మగధలో ధ్యానానికి కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. బుద్ధుడు తిట్టలేదు, వరసగా ఉపాయాలు చెప్పాడు. విన్న ధర్మాన్ని మననం చేసుకో, చెవులు లాగి ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు కడుక్కుని నక్షత్రాల వంక చూడు, అటూ ఇటూ నడువు. అప్పటికీ పోకపోతే కుడిపక్కకు తిరిగి పడుకో, మెలకువ రాగానే లే అన్నాడు. ఆ సుత్తం, అంటే బుద్ధుడి ఆ ఉపదేశం, నాకు ప్రాణం. ఇంతకీ డ్యూటీ దిగి ఇంటికి ఎన్నింటికి చేరతావు?

శ్రోత: రాత్రి పదకొండు దాటుతుంది సార్.

అతిథి: మరి నాలుగింటికి లేస్తే ఒళ్లేం కావాలి? సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేలా నడుస్తూ సాధన చేశాడు. వీణ తీగ మరీ బిగించినా, మరీ వదిలేసినా పలకదు కదా అని బుద్ధుడు ఆయనకు నచ్చజెప్పాడు. కడుపునిండా నిద్రపో. లేచాక ఇరవై నిమిషాలు చాలు. కానీ రోజూ కూర్చోవాలి, అందులో రాజీ లేదు.

శ్రోత: మరి చదువు?

అతిథి: చూళపంథకుడనే భిక్షువు నాలుగు నెలలు కష్టపడీ ఒక్క గాథ నోటికి పట్టలేకపోయాడని అట్ఠకథ, అంటే పాత పాళీ వ్యాఖ్యానం, చెబుతుంది. బుద్ధుడిచ్చిన తెల్లగుడ్డను చేత్తో రుద్దుతూ, అది మాసిపోవడం చూసి ఏదీ నిలవదనే అనిత్యాన్ని గ్రహించాడు, అర్హతుడయ్యాడు, అంటే ముక్తి పొందాడు. అలాగని చదువు అక్కర్లేదనను. ఏం చేస్తున్నామో తెలియకుండా కళ్లు మూసుకుంటే ప్రయోజనం లేదు. ఎరుకతో ఉండటం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో శ్వాస గురించిన భాగం ఒక్కటే చదువు. దానిమీదే కొన్నాళ్లు కూర్చో. మిగతా పుస్తకాలు ఎక్కడికీ పోవు. ఆ సుత్తం చివర బుద్ధుడు ఫలితానికి ఏడేళ్లు పట్టొచ్చని మొదలుపెట్టి, తగ్గిస్తూ ఏడు రోజుల దాకా వస్తాడు. అందుకని పక్కవాడితో పోల్చుకోకు.

అసలు కష్టం పంచశీలలో, అంటే అబద్ధమాడకపోవడం లాంటి ఐదు నియమాల్లో ఉంది బాబూ. పాలిష్ చేస్తుంటే స్లాబు అంచు విరిగిందనుకో. హెల్పర్ మీదకు నెట్టకుండా నా చేతిలోనే విరిగిందని సూపర్‌వైజర్‌తో చెప్పాలి. అదీ సాధనే, దానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

శ్రోత: అది మాత్రం కష్టమే సార్. చందవరం స్తూపం చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. వెళ్లొచ్చా?

అతిథి: తప్పకుండా, మీ ఆవిణ్ణీ తీసుకెళ్లు. గుండ్లకమ్మ ఒడ్డున, మన ప్రాంతంలోనే రెండువేల ఏళ్లనాడు బౌద్ధం ఎలా నిలిచిందో చూస్తారు.

శ్రోత: నైట్ షిఫ్టు పడిన వారం ఎలా సార్?

అతిథి: ఇంటికొచ్చి స్నానం చేసి, తిని పడుకో. సాయంత్రం డ్యూటీకి బయల్దేరేముందు కూర్చో.

ప్రయోక్త: కావలి నుంచి మరో శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.