హైకోర్టు ‘టెక్నికల్’గా వదిలేసిందా? రాత్రి 9 గంటల చర్చ, 2025 జులై 24

యాంకర్: నమస్కారం. 2006 జులై 11న ముంబై లోకల్ రైళ్లలో పదకొండు నిమిషాల్లో ఏడు పేలుళ్లు. 180 మందికి పైగా చనిపోయారు. 2015లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరి, ఏడుగురికి యావజ్జీవం వేసింది. మొన్న సోమవారం బాంబే హైకోర్టు అందరినీ నిర్దోషులంది. ఈ తీర్పును వేరే కేసుల్లో ప్రమాణంగా తీసుకోవద్దని ఇవాళ సుప్రీంకోర్టు చెప్పింది, కానీ విడుదలైనవాళ్లను మళ్లీ జైలుకు పంపలేదు. మేడమ్, సూటిగా అడుగుతున్నా. టెక్నికల్ కారణాలతో వదిలేశారా?

న్యాయవాది: టెక్నికల్ అనకండి. కింది కోర్టు ఉరి వేస్తే హైకోర్టు ధ్రువీకరించేదాకా అది అమలు కాదు. అందుకని సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటి నుంచి...

మాజీ పోలీసు అధికారి: ఒక్క నిమిషం మేడమ్. మళ్లీ చదవడం ఏసీ గదిలో. మాహిమ్ దగ్గర చీలిపోయిన బోగీలో ఆధారాలు వెతికినవాడి బాధ ఎవరికి కావాలి? ఇంత పెద్ద కేసులో ఎక్కడో ఒక సంతకం లోపం ఉంటుంది. దానికి మొత్తం కొట్టేస్తారా?

యాంకర్: అదే నా ప్రశ్న. సంతకం లోపమేనా?

న్యాయవాది: సంతకం కాదండీ. సాక్షులు నిందితులను గుర్తుపట్టే గుర్తింపు పరేడ్ జరిపిన అధికారికి ఆ అధికారమే లేదని కోర్టు తేల్చింది. నిందితులను రైల్వే స్టేషన్‌కు తీసుకెళ్లామన్న టాక్సీ డ్రైవర్లు వంద రోజులు దాటాక నోరు విప్పారు. సాయంత్రం రద్దీలో ఎక్కి దిగినవాడి ముఖం...

అధికారి: భయపడి చెప్పలేదేమో! సాక్షికి భయం ఉండదా?

న్యాయవాది: నన్ను పూర్తి చేయనివ్వండి. వేర్వేరు నిందితుల వాంగ్మూలాల్లో కొన్ని భాగాలు అక్షరాలా ఒకటే. మామూలు కేసులో పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యమే కాదు. ఇక్కడ మకోకా, అంటే మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం కాబట్టి చెల్లుతుంది. అందుకే మరింత జాగ్రత్తగా చూడాలి.

అధికారి: అందరూ ఒకే కుట్రలో ఉంటే మాటలూ ఒకేలా ఉంటాయి. (నవ్వు) ఈ లెక్కన ఏ కేసూ నిలబడదు.

న్యాయవాది: నిలబడుతుంది సార్. చిన్న పొరపాటుకు శిక్ష రద్దు చేయకూడదని చట్టమే చెబుతోంది. పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో సెక్షన్ 465, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 511. ఆ పొరపాటు వల్ల న్యాయం దెబ్బతిన్నదా అన్నదే...

యాంకర్: అంటే టెక్నికల్ పాయింటే కదా?

జర్నలిస్ట్: మన దగ్గరకు రండి. విజయవాడ దగ్గర హాస్టల్లో బీఫార్మసీ విద్యార్థిని హత్య, 2007. శిక్ష పడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు వదిలేసింది, పరిహారంగా లక్ష ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా లోపలే ఉన్నాడు.

అధికారి: మళ్లీ విజయవాడేనా! ఆ కేసు వేరు.

(ఇక్కడ నాలుగు గొంతులు కలిశాయి. మైకు మాజీ అధికారిదే గట్టిగా వినిపించింది.)

అధికారి: నేనొక్కటే అంటున్నా, చనిపోయినవాళ్ల సంగతేంటి? నేనొక్కటే అంటున్నా.

జర్నలిస్ట్: అసలు నేరస్థుడు దొరక్కపోవడమూ వాళ్లకు జరిగిన అన్యాయమే కదా సార్? ఆ విజయవాడ కేసు మళ్లీ దర్యాప్తు కోసం సీబీఐకి వెళ్లింది...

యాంకర్: అక్కడికి తర్వాత వద్దాం. మేడమ్, సుప్రీంకోర్టులో ఇది తిరగబడే అవకాశం ఉందా?

న్యాయవాది: ఉండొచ్చు, కానీ కష్టం. నిర్దోషి అన్న ఊహ విడుదలతో మరింత బలపడుతుంది. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పిందదే. సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు వీలుంటే...

అధికారి: చూశారా! అంటే ప్రాసిక్యూషన్ చేతులు కట్టేసినట్టే.

న్యాయవాది: కాదు, రెండు అభిప్రాయాలకు వీలుంటే...

(ఈ వాక్యం చివరిదాకా రాలేదు.)

యాంకర్: సమయం అయిపోయింది. రెండు వైపులా సమానంగా విన్నాం. సార్, చివరిగా మీరే చెప్పండి.

అధికారి: థాంక్యూ. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఏంటంటే...