గిరీశానికి ఆకలి వేయాలి

నమస్కారం అండి. 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమా మాట ఎత్తితే చాలు, ఒక వాదన మొదలవుతుంది. గిరీశంగా ఎన్టీఆర్ సరిపోయారా, లేదా? ఈ మధ్య గురజాడ నాటకం పక్కన పెట్టుకుని సినిమా మళ్లీ చూశాను. నాకు అనిపించింది చెప్తాను.

నాటకం ఎలా మొదలవుతుందో గుర్తుందా? విజయనగరం, బొంకుల దిబ్బ, సాయంకాలం. గిరీశం ఒక్కడే ఉన్నాడు. సంతలో సామాను తెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు తీసుకుని, అవి కాస్తా సానికి ఖర్చు పెట్టేశాడు. ఇప్పుడు ఏ మొహంతో వెళ్లి భోజనానికి కూర్చుంటాడు? అతనికి మిగిలింది నోరొక్కటే. వెంకటేశానికి చదువు చెప్తానన్నా, విధవా వివాహాల మీద లెక్చర్ ఇచ్చినా, వెనకాల రేపటి కూడు గురించిన టెన్షన్ ఉంటుంది.

ఎన్టీఆర్‌లో నాకు ఆ ఆకలి కనిపించలేదు. మాటలో విసురుంది, హుషారుంది. పాతాళభైరవి వచ్చి నాలుగేళ్లయింది, మిస్సమ్మ అదే ఏడాది విడుదలైంది. అంత పేరున్న హీరో ఈ మోసగాడి వేషం ఒప్పుకోవడం చాలా ధైర్యం, అందుకు ఆయనంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఆయన వచ్చి నిలబడితే, ఈ మనిషికి ఏ ఊళ్లోనైనా పిలిచి అన్నం పెడతారు అనిపిస్తుంది. గిరీశాన్ని చూస్తే అలా అనిపించకూడదు.

ఒక్క మాట ఆయన తరఫున కూడా చెప్పాలి. అంత పెద్ద నాటకాన్ని సినిమాకి కుదిస్తే గిరీశం ఉపన్యాసాలు తగ్గక తప్పదు. నోరే ఆస్తి అయిన పాత్రకి మాటలు తగ్గితే నటుడు మాత్రం ఏం చేస్తాడు?

ఇక సాని మధురవాణిగా సావిత్రి. మధురవాణి ముందు మగవాళ్లందరూ తెగ మాట్లాడతారు. ఆవిడ వింటుంది. సావిత్రి ఎలా వింటుందో చూడండి! రామప్ప పంతులుగా సీఎస్సార్ డాబులు కొడుతుంటే, ఆవిడ మెచ్చుకుంటోందో లెక్కగడుతోందో పంతులుకి అంతుపట్టదు. మనకి మాత్రం తెలిసిపోతుంది. శ్రీశ్రీ రాసిన 'ఆనందం అర్ణవమైతే' పాట దగ్గర ఒక్కసారి ఆగండి. పాడింది సుశీల. అంతసేపూ అందరినీ ఆడించిన మనిషిలో ఎంత ఒంటరితనం ఉందో అక్కడ తెలుస్తుంది. నాటకంలో సుబ్బి అనే పసిపిల్లని ముసలి లుబ్ధావధాన్లు బారి నుంచి తప్పించడానికి తన కంటె ఇచ్చి సాయపడేది ఈ మధురవాణే. అంత మంచితనం ఉన్న మనిషి అని సావిత్రిని చూస్తే నమ్ముతాం. దాన్ని ఆవిడ ఎక్కడా చాటుకోదు. ఈ సినిమాలో నా ఓటు ఆవిడకే.

నాటకంలో చివరి మాట గిరీశానిదే. డామిట్! కథ అడ్డంగా తిరిగింది. ఆ మాటకి నవ్వొస్తుంది. ఆ వెంటనే, పాపం ఈ రాత్రి వీడికి ఎవరు అన్నం పెడతారు అనే బెంగ కూడా కలగాలి. ఎన్టీఆర్ గిరీశం గురించి నాకు ఆ బెంగ కలగలేదు.